బాలింత ఒంటికి పథ్యం సరే, మనసు సంగతి?

గోదావరి జిల్లాల్లో కడుపుతో ఉన్న పిల్లని చూసుకున్నంత శ్రద్ధగా ఇంట్లో ఇంకెవర్నీ చూసుకోరు. పుట్టింటివాళ్లు చలివిడి తెచ్చి పెడతారు, నెల చూసుకుని గాజులు తొడుగుతారు, తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకెళ్తారు. కాన్పయ్యాక కాయం, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, పాలు బాగా పడాలని సొర చేప పొరటు, వేణ్ణీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది. మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా ఆ పిల్ల చేత బరువు ఎత్తనివ్వరు, చన్నీళ్లలో చెయ్యి పెట్టనివ్వరు. ఇందులో కొన్ని పథ్యాలు డాక్టర్లు ఒప్పుకోనివి ఉండొచ్చు గానీ, ఈ ఏర్పాటు మొత్తంగా చాలా విలువైనది, పోగొట్టుకోకూడనిది. ఇంతమంది ఉన్న ఇంట్లోనే రాత్రి రెండింటికి బిడ్డ పక్కన గోడవైపు తిరిగి పడుకుని, ఎందుకో తనకే తెలియకుండా ఏడ్చే బాలింత కూడా ఉంటుంది. ఆ సంగతి ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎవరూ అడగరు.

అడగకపోవడం అంటే ఏంటో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. కోనసీమలో ఏదో ఒక ఊరు, కాన్పయి పద్నాలుగో రోజు. ఆశా కార్యకర్త వచ్చి అరుగు మీద కూర్చుంటుంది, బిడ్డని జోలెలో పెట్టి కాటాకి తగిలిస్తుంది. ముల్లు ఎక్కడ ఆగుతుందా అని అమ్మమ్మ, తాతయ్య, పక్కింటి పిన్ని అందరూ వంగి చూస్తారు. పుట్టినప్పటి బరువు దాటిందనగానే హమ్మయ్య అనుకుంటారు. తర్వాత జ్వరం చూస్తుంది, బొడ్డు ఎండిందో లేదో చూస్తుంది, పాలు సరిగ్గా తాగుతున్నాడా అని అడుగుతుంది, రాసుకుంటుంది. ఇంతసేపూ బాలింత ద్వారబంధం పట్టుకుని నిలబడే ఉంటుంది. వెళ్లబోతూ ఆశా అడుగుతుంది, "ఏమ్మా, బావున్నావా?" అని. "ఆయ్, బానే ఉన్నానండి." అక్కడితో రిజిస్టరు మూసేస్తారు. కన్నతల్లి పక్కనే ఉండగా, పక్కింటావిడ వింటుండగా, బిడ్డ బరువు పెరిగిందని అందరూ సంబరపడుతుండగా అడిగిన ఆ ప్రశ్నకి "లేదండి, బాలేను" అని చెప్పగలిగే పిల్ల ఎక్కడుంటుంది?

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలని నియమం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి కాబట్టి, దాదాపు ప్రతి బాలింత గుమ్మంలోకీ ఆరోగ్య వ్యవస్థ ఆరుసార్లు నడిచి రావాలి. ఇంత ఏర్పాటు చాలా దేశాల్లో లేదు. దీన్ని మనసు కోసం కూడా వాడుకోవచ్చన్న ఆలోచనే ఇంకా గట్టిపడలేదు.

ఇది అరుదుగా ఎక్కడో ఒకరికి వచ్చే సమస్య అనుకుంటే పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కల్లో, వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతానికి, కాన్పయిన వాళ్లలో 19.8 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య, ఎక్కువగా డిప్రెషన్, వస్తోంది. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలు, 20 వేల మందికి పైగా తల్లుల వివరాలు కలిపి 2017లో ఆ సంస్థ బులెటిన్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం కాన్పు తర్వాత డిప్రెషన్ సుమారు 22 శాతం మందికి ఉంది. అదే లెక్కన ఒక పీహెచ్‌సీ పరిధిలో ఏడాదికి 300 కాన్పులైతే అందులో 60 మందికి పైనే. వాళ్లలో ఎంతమంది పేర్లు ఏ రిజిస్టర్లోనైనా ఉంటాయో ఆలోచించండి.

కాన్పు తర్వాత వచ్చే ప్రతి ఏడుపూ జబ్బు కాదు, ఈ తేడా ఇంట్లో వాళ్లకి తెలిసి ఉండాలి. బిడ్డ పుట్టగానే ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు కొద్దిరోజుల్లోనే బాగా పడిపోతాయి. సరిగ్గా పాలు పడే సమయానికే, అంటే మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్యలో, చాలామందికి ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే మనసు గాయపడటం, కాసేపు సంతోషం కాసేపు దిగులు ఉంటాయి. సగం మందికి పైగా తల్లులకి ఇలా అవుతుంది, రెండు వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. పక్కన ఎవరో ఒకరు ఉండి, కాస్త నిద్రపోనిస్తే చాలు. అదే దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, రోజురోజుకీ పెరుగుతుంటే, అది డిప్రెషన్ కావచ్చు. అది మొదటి నెలలోనే రావాలని లేదు, ఏడాది లోపు ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. చాలామందిలో గర్భంతో ఉన్నప్పుడే మొదలై, నెలలు నిండాయి కదా ఆయాసం, అలసట మామూలే అన్న మాట కింద దాక్కుని ఉంటుంది.

మన దగ్గర అసలు చిక్కు ఏంటంటే ఈ జబ్బు డిప్రెషన్ అనే పేరుతో బయటికి రాదు. తల బరువు, గుండె దడ, ఒళ్లంతా లాగడం, అరికాళ్ల మంటలు, అన్నం సయించకపోవడం, ఇలా ఒంటి బాధగానే మాటల్లోకి వస్తుంది. ఇంట్లో వాళ్లు నీరసం అనుకుని ఇంకో గ్లాసు పాలు ఇస్తారు, ఆర్‌ఎంపీ దగ్గర బలానికి ఒక ఇంజెక్షన్ చేయిస్తారు, అదీ కాకపోతే దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీస్తారు. కాస్త తెలిసినవాళ్లయితే "బెంగ పెట్టుకుంది" అంటారు. బెంగ అనే ఆ మాట నిజానికి చాలా దగ్గరగా తగిలిన మాటే, డాక్టర్లు కూడా ముందు దాన్నే వాడితే జనానికి బాగా ఎక్కుతుంది. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు కూడా ఇలాంటి అలసటే తెస్తాయి కాబట్టి రక్తపరీక్ష చేయించాల్సిందే. రిపోర్టు మామూలుగా వచ్చినప్పుడు "నీకేం లేదు, అంతా నీ భ్రమ" అనేయడంతోనే ప్రమాదం మొదలవుతుంది.

దీనికి కారణాలు వెతికితే హార్మోన్ల దగ్గర ఆగిపోలేం. 2002లో గోవా తల్లుల మీద వచ్చిన అధ్యయనంలో కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 23 శాతం మందికి డిప్రెషన్ కనిపించింది. పేదరికం, భర్త చేతి దెబ్బలు, మగపిల్లాడు కావాలనుకున్న ఇంట్లో ఆడపిల్ల పుట్టడం, ఇవన్నీ ఆ ముప్పుని పెంచుతున్నాయని తేలింది. డెల్టాలో ఇవి ఎవరికీ కొత్త కాదు. రెండోసారి కూడా ఆడపిల్లే అని ఫోన్‌లో చెప్పినప్పుడు అవతలి వైపు క్షణం పాటు మాట రాకపోవడం, ఆ క్షణాన్ని ఆ తల్లి ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకోవడం, ఎన్ని ఇళ్లలో లేదు? దీనికి ఈ ప్రాంతపు సంగతులు ఇంకొన్ని కలుస్తాయి. రాజోలు, నరసాపురం వైపు ఎన్నో ఇళ్లలో భర్త కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఉంటాడు, బిడ్డని మొదటిసారి వీడియో కాల్లోనే చూస్తాడు. కొన్ని ఇళ్లలో బాలింతకి తోడుండాల్సిన తల్లే గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంటుంది, ఆ పిల్లకి పుట్టిల్లు అంటే తాళం వేసిన తలుపే. ఇక సిజేరియన్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే రాష్ట్రంలో 42.4 శాతం. పొట్ట కోసిన గాయంతో, లేవలేక కూర్చోలేక ఉన్న తల్లిని "మామూలు కాన్పు కాలేదా?" అని వచ్చిన ప్రతి చుట్టమూ అడుగుతుంటే, తనేదో తప్పు చేసినట్టు ఆమెకి అనిపిస్తుంది.

గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల వాళ్లది మరో బాధ. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వరద వస్తోందంటే నెలలు నిండిన వాళ్ల జాబితా తీసి ముందుగానే పడవ ఎక్కించి ఆసుపత్రులకి చేరుస్తారు, అది ప్రాణాలు కాపాడే పని, అందులో మాటే లేదు. కానీ ఇల్లు నీళ్లలో ఉందో లేదో తెలియకుండా, పెద్ద పిల్లని అవతల ఒడ్డున వదిలేసి, తెలియని వార్డులో నొప్పుల కోసం ఎదురుచూసే ఆ నాలుగైదు రోజులు ఆ మనిషి మనసులో ఏముంటుందో అడిగే బాధ్యత ఎవరికీ అప్పజెప్పలేదు.

థెరపీ, అంటే మాటలతో చేసే వైద్యం, అనగానే ఏసీ గది, గంటకి వేలల్లో ఫీజు, ఇంగ్లీషు మాట్లాడే మనిషి గుర్తొస్తారు చాలామందికి. అందుకే "మనకెందుకులే" అనేస్తారు. ఈ విషయంలో పల్లెటూళ్లకి ధైర్యం ఇచ్చే ఉదాహరణ పాకిస్తాన్‌లో ఉంది. రావల్పిండి దగ్గరి పల్లెల్లో, మన ఆశాల్లాంటి ఊరి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్లకి పంపించారు. చివరి నెలలో నాలుగు వారాలు వారానికోసారి, కాన్పయిన మొదటి నెలలో మూడుసార్లు, తర్వాత తొమ్మిది నెలలు నెలకోసారి, మొత్తం 16 సార్లు. 903 మంది తల్లుల మీద చేసిన ఆ పరీక్ష ఫలితం 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బిడ్డకి ఆరో నెల వచ్చేసరికి, మామూలుగా ఇంటికి వెళ్లి పలకరించిన వాళ్లలో 53 శాతం మందికి డిప్రెషన్ ఇంకా ఉంటే, ఈ పద్ధతిలో మాట్లాడిన వాళ్లలో 23 శాతానికి తగ్గింది. ఆ కార్యకర్తలు మానసిక వైద్యులు కాదు, పెద్ద చదువులు చదివినవాళ్లూ కాదు. ఈ పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేతిపుస్తకంగా తెచ్చింది. తర్వాత గోవాలో ఇదే పనిని తోటి తల్లుల చేత చేయించి చూస్తే ఫలితం అంత పెద్దగా లేకపోయినా ఒక మోస్తరు మేలు కనిపించింది.

ఇంతకీ ఆ మాటల్లో ఏముంటుంది? ఒక తల్లి "నా పాలు చాలట్లేదు, నేను పనికిరాని తల్లిని" అంటుందనుకోండి. "ఛ, అలా అనకు" అంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది, బాధ మాత్రం లోపలే ఉండిపోతుంది. థెరపీ తెలిసిన మనిషి అలా కొట్టిపారెయ్యదు. ఆ ఆలోచన ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఎవరు ఏమన్నారు అని అడుగుతుంది. పెద్దత్త వచ్చి "డబ్బా పాలు పట్టరాదూ, బక్కగా ఉన్నాడు" అన్నప్పటి నుంచి అని తేలుతుంది. అప్పుడు ఇద్దరూ కలిసి చూస్తారు, రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతున్నాడు, పోయిన వారం బరువు ఎంత, ఈ వారం ఎంత. రోజుకి ఆరేడు గుడ్డలు తడిపి బరువు పెరుగుతున్న పిల్లాడికి పాలు చాలుతున్నట్టే. "పనికిరాని తల్లి" అన్న ఆలోచనకి ఎదురుగా ఆ లెక్క నిలబడుతుంది. తర్వాత వారానికి ఒక చిన్న పని ఒప్పుకుంటారు, సాయంత్రం బిడ్డని అమ్మకిచ్చి కాలవగట్టు దాకా పది నిమిషాలు నడిచి రావడమో, చాన్నాళ్లుగా మాట్లాడని స్నేహితురాలికి ఫోన్ చేయడమో. మళ్లీ వచ్చినప్పుడు అది కుదిరిందా, కుదరకపోతే ఏం అడ్డొచ్చింది అని మాట్లాడుకుంటారు. ఇలా ఆలోచననీ, పనినీ కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వెళ్లడాన్నే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు. ఇంకో రకం థెరపీలో మనుషుల మధ్య సంబంధాల మీద పని చేస్తారు, అత్తాకోడళ్ల మధ్య, భార్యాభర్తల మధ్య ఎక్కడ మాట తెగిందో చూసి దాన్ని కలపడం. బాలింతలకి ఈ రెండూ బాగా పనిచేస్తాయని తేలింది. ఓదార్పుకీ థెరపీకీ తేడా ఇక్కడే ఉంది, ఓదార్పు ఆ పూటకి మాత్రమే, థెరపీకి వరస ఉంటుంది.

జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి ఎడిన్‌బరో స్కేలు అని 1987 నుంచి ఉంది, పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి, మొత్తం 30 మార్కులు, 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు తప్పకుండా చూడాలి. అది చేతిలో లేకపోయినా ఇంట్లో వాళ్లు అడగగలిగిన ప్రశ్న ఒకటుంది, "బిడ్డ పడుకున్నాక నీకు నిద్ర పడుతోందా?" అని. అలిసిపోయిన తల్లి సందు దొరికితే పడుకుంటుంది. బిడ్డ హాయిగా నిద్రపోతున్నా, చూసుకునే మనిషి పక్కనే ఉన్నా, కళ్లు మూతపడక పైకప్పు చూస్తూ పడుకుని ఉంటే అది అలసట ఒక్కటే కాదు. పెరట్లో ఇద్దరే ఉన్నప్పుడు అడిగితే ఈ ప్రశ్నకి నిజమైన జవాబు వస్తుంది.

మందుల గురించి చాలా భయాలున్నాయి. తీవ్రమైన డిప్రెషన్‌కి మాటలొక్కటే చాలవు, మందు కావాలి. "మందు వేసుకుంటే పాలు మాన్పించాలి" అని ఇంట్లో తీర్మానించేసి తల్లిని మందుకి దూరం చేయడం మామూలుగా జరిగే తప్పు. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, పాలిచ్చే తల్లులకి డాక్టర్లు దాన్ని తరచుగా రాస్తారు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వారంలో గుణం లేదని మానేయకూడదు. ముందు నుంచే మానసిక జబ్బుకి మందులు వాడుతున్న పిల్ల నెల తప్పిందని తెలియగానే సొంతంగా అన్నీ ఆపేయడం ఇంకా ప్రమాదం. వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని గర్భిణులకి నిజంగానే పనికిరావు, వాటిని డాక్టరే మార్చాలి, అందుకని వీలైతే పిల్లలు కావాలనుకున్నప్పుడే ఆ మాట డాక్టరుకి చెప్పాలి.

ఒక్క విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, మనిషి ఒక్కసారిగా మారిపోతుంది. నిద్ర అక్కర్లేదంటుంది, ఆగకుండా మాట్లాడుతుంది, లేని మాటలు వినపడుతున్నాయంటుంది, ఈ బిడ్డ నా బిడ్డ కాదు మార్చేశారంటుంది, కాసేపటికి మామూలుగా కూడా ఉంటుంది. పల్లెల్లో దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తుల కోసం తిరుగుతారు. ఆ తిరిగే మూడు రోజుల్లోనే తల్లికో బిడ్డకో ఏదైనా జరగొచ్చు. ఇది పోస్ట్‌పార్టమ్ సైకోసిస్, అత్యవసరం, అదే రోజు మానసిక వైద్య విభాగం ఉన్న పెద్దాసుపత్రికి, దగ్గరైతే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి, తీసుకెళ్లాలి. సరైన వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు, బిడ్డని ఎత్తుకుని ఇంటికొస్తారు. ఆసుపత్రిలో చేర్పిస్తే బిడ్డని వేరు చేసేస్తారేమో అన్న భయం కూడా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్సకి చేరిన తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డని మామూలుగా విడదీయకూడదు, బిడ్డకి ముప్పు ఉందని డాక్టరు అనుకుంటే తప్ప.

తల్లి నోటి వెంట "నేను లేకపోతేనే అందరికీ హాయి" అన్న మాట వచ్చినా అంతే తీవ్రంగా తీసుకోవాలి. ఆమెని ఒంటరిగా వదలకూడదు. ఇది వరి చేలు, రొయ్యల చెరువులు ఉన్న ప్రాంతం, పురుగుమందు డబ్బా పశువుల పాకలోనో పెరట్లోనో చేతికందేలా ఉంటుంది, దాన్ని ఆ రోజే ఇంటి నుంచి తీసేయాలి. 14416 నంబరుకి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

బిడ్డ దక్కని తల్లుల గురించి అసలు ఎక్కడా మాట లేదు. పురిట్లోనే బిడ్డ పోయినా మూడో రోజుకి పాలు వస్తాయి, రొమ్ములు గట్టిపడి నొప్పి పెడతాయి, తాగేవాళ్లు ఉండరు. ఆ తల్లి ఇంటికి ఎవరైనా వస్తే "చిన్నదానివే, మళ్లీ పుడతార్లే" అని వెళ్లిపోతారు, బిడ్డ పేరు ఎత్తకూడదని అందరూ అనుకుంటారు. ఆమెకి కావాల్సింది ఆ బిడ్డ గురించి మాట్లాడనిచ్చే మనిషి. తూకం వేయడానికి బిడ్డ లేదని ఇంటింటి సందర్శనలు ఆ గుమ్మాన్ని దాటేయకూడదు, నిజానికి ఆరు రావాల్సిన చోట ఎనిమిది రావాలి.

ఇక భర్తలకీ, అమ్మలకీ, అత్తలకీ చేతనయ్యే పనుల్లో అన్నిటికన్నా పెద్దది నిద్ర. రాత్రి ఒకసారి పాలిచ్చాక మళ్లీ ఇచ్చేదాకా బిడ్డని వేరేవాళ్లు ఎత్తుకుని, తల్లికి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్ర దొరికేలా చూడటం చాలా మందులకి సాటి. దూరంలో ఉన్న భర్త రోజూ ఫోన్‌లో మొదట "బాబేం చేస్తున్నాడు, చూపించు" అనే అంటాడు. ముందు ఆమె ముఖం చూసి, ఆమె సంగతి అడిగి, తర్వాత ఫోన్ బిడ్డ వైపు తిప్పమనొచ్చు.

డెల్టా ఆచారంలో ఇంకా ఎవరూ పట్టించుకోని పెద్ద ఖాళీ ఒకటుంది. గర్భిణిగా పేరు నమోదయ్యేది ఎక్కువగా అత్తారి ఊళ్లో, కాన్పయ్యేది పుట్టింటి ఊరి నుంచి, మళ్లీ సారెతో బిడ్డనెత్తుకుని అత్తారింటికి వెళ్లేది మూడో నెలలోనో ఐదో నెలలోనో. ఆశా ఆరో సందర్శన 42వ రోజుతో అయిపోతుంది. పుట్టింటి ఊరి ఆశాకి ఆ తర్వాత ఆ పిల్ల కనపడదు, అత్తారి ఊరి ఆశాకి ఆ పిల్ల రాత్రిళ్లు ఏడ్చిందన్న సంగతి తెలీదు. సరిగ్గా ఆ సమయానికే పథ్యం అయిపోతుంది, పొయ్యి దగ్గర పని మొదలవుతుంది, పక్కన అమ్మ ఉండదు, అప్పటిదాకా ఆ ఇల్లు ఇచ్చిన బలం ఒక్క రోజులో చేజారుతుంది. దీనికి కొత్త పథకం అక్కర్లేదు. తల్లీబిడ్డల కార్డు ఆమెతోనే ఉంటుంది, దాని మీద రెండూళ్ల ఆశాల ఫోన్ నంబర్లూ రాసి, బయల్దేరే ముందు ఒకరికొకరు ఒక్క ఫోన్ చేసుకుంటే చాలు. ఆమె ఆ గడప తొక్కిన వారం లోపు అత్తారి ఊరి ఆశా ఒకసారి రావాలి, కాటా సంచిలోంచి తీయకముందే ఆ పిల్లని పెరట్లోకి పిలిచి, అరటిచెట్ల కింద అయిదు నిమిషాలు పక్కన కూర్చుని, "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అని అడగాలి.